మీరు అడిగారు: కొరియా ‘ఓల్డ్‌బాయ్’, హాలీవుడ్ ‘ఓల్డ్‌బాయ్’

గత సంచికలో ప్రతీకార చిత్రాల గురించి రాస్తూ కొరియా చిత్రం ‘ఓల్డ్‌బాయ్’ను, దాని హాలీవుడ్ రీమేక్‌ను ఒకే వాక్యంలో ప్రస్తావించి వదిలేశాను. ఆ ఒక్క వాక్యం మీద శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పాఠకులు ఎన్నో ఉత్తరాలు రాశారు. వాటిలో చాలావరకు ఆలోచించి, సినిమాలు రెండూ చూసి రాసినవే. అందువల్ల ఈ నెల శీర్షికను పూర్తిగా ఈ విషయానికే ఇస్తున్నాను. ఒక మనవి: మొదటి రెండు జవాబులలో కథా రహస్యం ఏదీ బయటపడదు. మూడో ప్రశ్న నుంచి మాత్రం రెండు చిత్రాల ముగింపులనూ దాచకుండా చర్చించక తప్పలేదు. కనుక చూడదలచుకున్నవారు అక్కడ ఆగి, చూసిన తరువాత మిగతాది చదవండి. రెండూ పెద్దవాళ్లు మాత్రమే చూడదగిన చిత్రాలని కూడా గమనించండి.

ప్రశ్న: నేను ముందుగా 2013లో వచ్చిన ఇంగ్లీషు సినిమా చూశాను. బాగానే ఉందనిపించింది. మా హాస్టల్‌లో కొరియా సినిమాలు వదలకుండా చూసే స్నేహితురాళ్లు మాత్రం అసలు చిత్రం ముందు అది ఏ మాత్రమూ నిలవదని తేల్చేశారు. కథ ఒకటే అయినప్పుడు అంత తేడా ఎక్కడ వస్తుందండీ?
– డిగ్రీ విద్యార్థిని, విజయనగరం

జవాబు: మీకు ఆ సినిమా బాగానే ఉందనిపించడంలో తప్పేమీ లేదమ్మా. రెండిటి కథా చట్రం ఒకటే, ఆ చట్రంలో ఉన్న బిగువు అటువంటిది. 2003లో పార్క్ చాన్-ఊక్ దర్శకత్వంలో వచ్చిన కొరియా చిత్రంలో ఓ దేసూ అనే మామూలు ఉద్యోగి 1988లో ఒక రాత్రి తప్పతాగి పోలీసు స్టేషన్‌లో గొడవ చేస్తాడు. మిత్రుడు వచ్చి విడిపించి బయటకు తీసుకువస్తే, టెలిఫోన్ బూత్ దగ్గర ఉన్నవాడు ఉన్నట్టే మాయమవుతాడు. కళ్లు తెరిచేసరికి నాసిరకం హోటల్ గది లాంటి గదిలో బందీగా ఉంటాడు. బంధించింది ఎవరో, ఎందుకో, ఎంతకాలమో చెప్పేవారు ఉండరు. పూటపూటకూ వేయించిన డంప్లింగులు తలుపు కింది సందులోంచి లోపలికి వస్తాయి. తన భార్య హత్యకు గురైందని, ఆ నేరం తన మీదే పడిందని అతడు టీవీ వార్తల్లో తెలుసుకుంటాడు. పదిహేనేళ్లు గడిచాక, ఏ కారణమూ చెప్పకుండానే వదిలిపెడతారు. తనను ఎందుకు బంధించారో అయిదు రోజుల్లో కనుక్కోవాలని శత్రువు గడువు పెడతాడు. హాలీవుడ్ చిత్రంలో అతడు జో డూసెట్ అనే వాణిజ్య ప్రకటనల సంస్థ ఉద్యోగి. నిర్బంధం 1993లో మొదలై ఇరవై ఏళ్లు సాగుతుంది. దేసూగా చోయ్ మిన్-షిక్, జోగా జాష్ బ్రోలిన్ నటించారు.

తేడా మొదట ఆ గదిలోనే కనిపిస్తుంది. దేసూ తన జీవితంలో ఎవరెవరికి కీడు చేశాడో గుర్తు తెచ్చుకుంటూ నోటు పుస్తకాలు నింపుతాడు. తన శత్రువు ఎవరై ఉంటారా అని వెతకబోయి, తన వల్ల నొచ్చుకున్నవాళ్లు ఇంతమందా అని తానే నివ్వెరపోతాడు. జో మాత్రం కూతురికి ఉత్తరాలు రాస్తాడు, తిండితో పాటు ఇచ్చే మద్యాన్ని పారబోస్తాడు, కసరత్తు చేసి మంచి మనిషిగా మారతాడు. మొదటివాడు తన తప్పుల చిట్టా రాసుకుంటున్నాడు, రెండోవాడు తనను తాను బాగు చేసుకుంటున్నాడు. చూస్తున్నప్పుడు ఇది చిన్న మార్పులాగే అనిపిస్తుంది కానీ, కథ చివరికి వచ్చేసరికి రెండు చిత్రాలనూ వేరు దారులు పట్టించేది ఇదే. హాలీవుడ్ చిత్రం మొదటి కొన్ని నిమిషాలు జో ఎంత చెడ్డ తండ్రో, ఎంత తాగుబోతో చూపడానికే ఖర్చవుతుంది. శిక్ష పడబోయే మనిషి శిక్షకు తగినవాడేనని మనకు ముందుగా నచ్చజెప్పే ప్రయత్నం అది. కొరియా దర్శకుడు అటువంటి హామీ ఏదీ ఇవ్వడు.

కాలం గడవడాన్ని చూపిన తీరులో మాత్రం రీమేక్‌ను మెచ్చుకోవాలి. కొరియా చిత్రంలో తెర రెండుగా చీలి, ఒక పక్క దేసూ గోడను గుద్దుతూ ఉంటే మరో పక్క హాంకాంగ్ చైనాకు దక్కడం, డయానా మరణం, 2002 ప్రపంచకప్ ఫుట్‌బాల్ వంటివి టీవీలో సాగిపోతాయి. హాలీవుడ్ చిత్రంలో ఆ స్థానంలో క్లింటన్ నుంచి ఒబామా దాకా అధ్యక్షులూ, న్యూయార్క్ జంట భవనాల కూల్చివేతా, కత్రినా తుపానూ వస్తాయి. తమ దేశపు ఇరవై ఏళ్లను తమ ప్రేక్షకుడికి గుర్తు చేయడం సరైన పనే. మీరు ఇప్పుడు కొరియా చిత్రం చూడండి. రహస్యం ముందే తెలిసిపోవడం వల్ల కొంత నష్టం ఉన్నా, దాన్ని రెండోసారి చూసేవారికి కూడా కొత్తగా పట్టుబడేది చాలా ఉంటుంది.

ప్రశ్న: సుత్తి పట్టుకుని హీరో ఒక్కడే వరండాలో అంతమందితో పోరాడే దృశ్యానికి అంత పేరెందుకు? మన సినిమాల్లో ఒక్క హీరో వందమందిని కొట్టడం చిన్నప్పటి నుంచి చూస్తూనే ఉన్నాం కదా. పైగా ఇంగ్లీషు సినిమాలో ఆ ఫైటు ఇంకా పెద్దగా తీశారు.
– ఉపాధ్యాయుడు, రాజాం

జవాబు: మన ఫైట్లలో హీరో అలసిపోడు, ఆ దృశ్యంలో అలసిపోతాడు. దానికి పేరు రావడానికి కారణం అదే. ఇరుకైన పొడవాటి వరండా. కెమెరా గోడను తీసేసినట్టుగా పక్క నుంచి, మనుషులతో సమానమైన ఎత్తులో ఎడమకూ కుడికీ జరుగుతూ ఉంటుంది. సుమారు మూడు నిమిషాల పాటు ఒక్క కత్తిరింపు కూడా ఉండదు. దేసూ వీపులో కత్తి దిగుతుంది, అతడు ఆ కత్తి వీపులో ఉండగానే పోరాడతాడు. మధ్యలో నేలమీద పడిపోతాడు. చచ్చాడనుకుని చుట్టూ ఉన్నవాళ్లు కాస్త వెనక్కి తగ్గితే, మళ్లీ లేస్తాడు. ఆ గుంపు కూడా రొప్పుతూ, మోకాళ్ల మీద చేతులు ఆనించి ఊపిరి తీసుకుంటుంది. ఎవరి దెబ్బా శుభ్రంగా తగలదు. గాలిలోకి ఎగిరిపడేవాళ్లు ఉండరు. బతకడానికి వేరే దారి లేని మనిషి, జీతానికి కొట్లాడే మనుషులు, అంతే అక్కడున్నది. దాన్ని మూడు రోజులు తీశారు, పదిహేడు టేకులు పట్టింది. వీపులో దిగిన కత్తి ఒక్కటే కంప్యూటర్‌తో చేర్చినది. కనుక చోయ్ మిన్-షిక్ ముఖంలో చివర కనిపించే ఆయాసం నటన ఎంతో, నిజం ఎంతో వేరు చేసి చెప్పడం కష్టం.

రీమేక్‌లో అంతస్తులు పెరిగాయి, వాలుదారి మీదుగా పై నుంచి కిందికి పోరాటం సాగుతుంది, మనుషులు విడతలు విడతలుగా వస్తారు. బ్రోలిన్ శరీరం అందుకు తయారై ఉంది, అతని కష్టాన్ని తక్కువ చేయను. కానీ వచ్చేవాడు తన వంతు వచ్చేదాకా ఆగి వచ్చి దెబ్బ తిని పడిపోతున్నాడని కంటికి తెలిసిపోతుంది. ఇరవై ఏళ్లు గదిలో గోడతో తప్ప మనిషితో తలపడని వాడికి అంత ఒడుపు ఎక్కడిదన్న అనుమానం వస్తుంది. దేసూకు కూడా ఆ అనుమానమే వస్తుంది. అతడు బయటకు వచ్చాక కొందరు కుర్రాళ్లతో తగువు పడ్డప్పుడు, ఏళ్ల తరబడి ఊహలో చేసిన సాధన నిజంగా పనికి వస్తుందా అని తనను తానే అడుగుతాడు. ఆ ప్రశ్న ముందుగా వేసిపెట్టడం వల్లే వరండా పోరాటాన్ని మనం నమ్ముతాం.

ప్రశ్న: మాది బొబ్బిలి. తాండ్ర పాపారాయుడి కథ బుర్రకథలో వింటూ పెరిగినవాళ్లం. ఆ కథలో పగ తీరితే విన్నవాడి గుండె నిండుతుంది. కొరియా సినిమాలో పగ పట్టినవాడు అనుకున్నది పూర్తిగా సాధించాడు, అయినా నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు. ఇంగ్లీషు సినిమాలో కూడా అదే రహస్యం బయటపడింది, కానీ అంత బాధ కలగలేదు. ఒకే రహస్యం ఒకచోట గుండెను కోసి, మరోచోట ఎందుకు ఊరుకుందో వివరించగలరా?
– విశ్రాంత రెవెన్యూ ఉద్యోగి, బొబ్బిలి

జవాబు: మీరు అడిగినదే ఈ రెండు చిత్రాల మధ్య అసలు తేడా, కాబట్టి దీనికి కాస్త విస్తరంగా జవాబు చెబుతాను. రహస్యం ఒకటే. బయటకు వచ్చిన కథానాయకుడు ఏ యువతికి దగ్గరయ్యాడో, ఆమె అతని కన్న కూతురే. వాళ్లిద్దరూ తండ్రీకూతుళ్లమని తెలియకుండా దగ్గరయ్యేలా శత్రువు ఏళ్ల తరబడి ఏర్పాటు చేశాడు. అంతవరకు రెండు చిత్రాలూ ఒకటే. మారినది ఆ శిక్షకు కారణం.

కొరియా చిత్రంలో ఆ కారణం చాలా చిన్నది. దేసూ బడిలో చదువుకునే రోజుల్లో, తోటి విద్యార్థి లీ వూజిన్‌కూ అతని అక్కకూ మధ్య ఉండకూడని బంధాన్ని పగిలిన కిటికీ అద్దంలోంచి చూస్తాడు. మరునాడో ఆ మరునాడో తాను సియోల్ వెళ్లిపోతున్నాడు. పోతూ పోతూ ఒక స్నేహితుడితో ఆ మాట అని, ఎవరితోనూ అనవద్దని కూడా చెప్పి వెళ్లిపోతాడు. తరువాత ఆ మాట అన్న సంగతే మరచిపోతాడు. ఆ మాట నోటి నుంచి నోటికి పాకి, ఆ అమ్మాయి గర్భవతి అయిందన్న పుకారుగా మారుతుంది. చివరకు ఆమె కూడా దాన్ని నమ్మి, ఆనకట్ట మీద నుంచి పడి చనిపోతుంది. పడబోయే ముందు ఆమె చేతిని పట్టుకుని ఉన్నది తమ్ముడే. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమని మన పెద్దలు ఊరికే అనలేదు. అయితే ఆ సామెతను మనం పక్కవాడికి బుద్ధి చెప్పడానికి వాడతాం, ఈ చిత్రం మాత్రం దాన్ని చివరికంటా నిజం చేసి చూపిస్తుంది. ఇసుక రేణువైనా బండరాయైనా నీటిలో ఒకేలా మునిగిపోతాయని వూజిన్ తరఫున దేసూకు వినిపించే మాట ఒకటి ఆ చిత్రంలో ఉంది. అతని దృష్టిలో దేసూ అన్న చిన్న మాటకూ తనకు జరిగిన పెద్ద నష్టానికీ బరువులో తేడా లేదు. మనకు తేడా ఉంది. ఆ తేడాను భరించలేకపోవడమే మీ నిద్ర పట్టని రాత్రికి కారణమని నా నమ్మకం. చిన్న ఊళ్లలో బతికిన మనకు ఆ మాట ఎలా పాకుతుందో ఎవరూ చెప్పనక్కరలేదు. అరుగు మీద, బస్సు కోసం నిలబడ్డప్పుడు మనలో ఎవరు అనని మాట అది?

హాలీవుడ్ చిత్రం ఇదే చోట దారి మార్చింది. అక్కడ జో చూసినది తమ్ముడితో ఉన్న అక్కను కాదు, కన్నతండ్రితో ఉన్న కూతురిని. జో ఆ అమ్మాయి గురించి తప్పుడు మాటలు బడి అంతా ప్రచారం చేస్తాడు. కుటుంబం ఆ చోటు విడిచిపోతుంది. తరువాత ఆ తండ్రి ఇంట్లోవాళ్లను తుపాకితో కాల్చి తానూ చనిపోతాడు. బతికి బయటపడ్డ కొడుకు ఏడ్రియన్ ప్రైస్ పగ పడతాడు. ఈ పాత్రను షార్ల్‌టో కాప్లీ పోషించాడు. దీని ఫలితం చూడండి. కాల్చినది తండ్రి. పిల్లల జీవితాలను పాడు చేసినదీ తండ్రే. జో అన్న మాటకు అందులో ఎంత పాలు? ప్రేక్షకుడి మనసు న్యాయాధికారిలా లెక్క వేసి, అసలు ముద్దాయి ఎప్పుడో చచ్చిపోయాడని తీర్పు చెప్పేస్తుంది. ఇక ఏడ్రియన్ చేసేది పగలా కనబడదు, పిచ్చిలా కనబడుతుంది. కాప్లీ నటన కూడా, గోళ్లూ మాటా నడకా అన్నీ తీర్చి దిద్దుకున్న విచిత్ర ధనికుడిగా, ఆ అభిప్రాయాన్నే బలపరుస్తుంది. యూ జీతే పోషించిన వూజిన్ అలా కాదు. అతడు మర్యాదస్తుడు, నెమ్మదస్తుడు, అక్క చేయి జారిపోయిన క్షణం దగ్గరే వయసు ఆగిపోయిన మనిషి. అతణ్ణి అసహ్యించుకుంటూనే అతని కోసం దుఃఖపడతాం.

మీరు పాపారాయుడి ప్రస్తావన తెచ్చారు కాబట్టి ఆ కథ సంగతీ చెబుతాను. 1757 జనవరిలో ఫ్రెంచి సేనాని బుస్సీ సేనతో కలిసి విజయనగరం రాజు పూసపాటి విజయరామరాజు బొబ్బిలి కోటను నేలమట్టం చేశాడు. ఆ తరువాత పాపారాయుడు శిబిరంలోకి చొరబడి రాజును చంపాడు. బొబ్బిలిలో పాడుకునే కథ అక్కడ పూర్తవుతుంది. కానీ అక్కడికి ఎంతో దూరం లేని విజయనగరంలో ఏటా దసరా తరువాత మంగళవారం నాడు సిరిమాను ఎక్కించి కొలిచే పైడితల్లిని, ఆ రాజుకు చెల్లెలుగానే జనం చెప్పుకుంటారు. అన్న చావును ముందే కలగన్న ఆడపడుచుగా ఆమెను తలచుకుంటారు. ఒకే చావు ఒక ఊరికి తీరిన పగ, మరో ఊరికి తోబుట్టువు దుఃఖం. మన ప్రాంతంలో ఆ రెండు కథలను రెండు ఊళ్లు పంచుకున్నాయి. పార్క్ చాన్-ఊక్ ఆ రెండింటినీ ఒకే సినిమాలో, ఒకే గదిలో, ఇద్దరు మగవాళ్ల మధ్య పెట్టాడు. మనం దేసూ పగ వెంట నడిచి వెళ్తుంటే, అసలు నడుస్తున్నది వూజిన్ పగ అని చివరకు తెలుస్తుంది. హాలీవుడ్ చిత్రం ఆ రెండో ఊరిని చెరిపేసింది. అందుకే మీకు అక్కడ దుఃఖం రాలేదు.

రహస్యం బయటపడే తీరును కూడా ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. కొరియా చిత్రంలో వూజిన్ ఒక పెట్టె ఇస్తాడు. దానిలో ఒక ఫోటో ఆల్బమ్. మొదటి పేజీలో దేసూ, భార్య, చంటి కూతురు. పేజీ తిప్పితే కూతురు ఒక్కతే, కాస్త ఎదిగి ఉంటుంది. మరో పేజీకి ఇంకాస్త. దేసూ వేళ్లు పేజీలను తిప్పుతూ పోతాయి, ఆ అమ్మాయి ఏడాదికేడాది పెద్దదవుతూ, చివరకు మనకు తెలిసిన ముఖం దగ్గర ఆగుతుంది. ఏ తండ్రి అయినా ఇంట్లో మురిసిపోతూ తిప్పే ఆల్బమ్ అది. పదిహేనేళ్లు చూడలేకపోయిన కూతురి ఎదుగుదలను అతడు చూస్తున్నది అప్పుడే, ఆ విధంగా. అదే సమయంలో, మరోచోట ఉన్న కూతురి ముందు కూడా అటువంటి పెట్టే ఒకటి ఉంటుంది. దాన్ని తెరవనివ్వవద్దని అతడు కాళ్లావేళ్లా పడతాడు. హాలీవుడ్ చిత్రంలో, టీవీలో ఇన్నాళ్లూ కూతురని చూసిన అమ్మాయి అద్దెకు తెచ్చిన నటి అని, ఆ కార్యక్రమమే కల్పితమని తెలుస్తుంది. ఆ ఎత్తు తెలివైనదే. కానీ తెలివికి మనం ఆశ్చర్యపోతామే తప్ప, ఆల్బమ్ దగ్గర కలిగినట్టు కడుపులో దేవదు.

ఒక విషయం మాత్రం న్యాయంగా చెప్పాలి. కారణాన్ని మార్చడమే నేరమని నేను అనడం లేదు, ఎందుకంటే పార్క్ చాన్-ఊక్ కూడా మార్చాడు. ఈ కథకు మూలం 1996 నుంచి 1998 వరకు జపాన్‌లో ధారావాహికగా వచ్చిన బొమ్మల కథ. దాన్ని గారోన్ త్సుచియా రాశాడు, నొబుఆకి మినెగిషి బొమ్మలు వేశాడు. అందులో నిర్బంధం పదేళ్లు. తండ్రీకూతుళ్ల రహస్యమూ లేదు, పుకారూ లేదు. బడిలో తోటి విద్యార్థి పాడిన పాట విని కథానాయకుడు కంటతడి పెట్టుకుంటాడు. తన ఒంటరితనాన్ని మరొకడు కనిపెట్టడాన్ని ఆ పాడినవాడు అవమానంగా భావిస్తాడు. కొరియా దర్శకుడు దాన్ని పూర్తిగా మార్చి, తన కారణాన్ని మూలంకంటే బరువైనదిగా, అయినా అంతే చిన్నదిగా తెచ్చుకున్నాడు. హాలీవుడ్ రచయిత మార్క్ ప్రోటోసెవిచ్ కారణాన్ని పెద్దది చేశాడు. పెద్దది చేయడంతోనే అది తేలికైపోయింది.

ప్రశ్న: రెండు ముగింపుల్లో ఏది నిజాయితీ గలది? కొరియా సినిమాలో హిప్నాటిజంతో మరచిపోవడం తప్పించుకోవడం కాదా? జో కనీసం తన శిక్షను తానే ఒప్పుకున్నాడు.
– గృహిణి, నరసన్నపేట

జవాబు: మీ వాదన బలమైనది. రీమేక్ ముగింపును సమర్థించేవారు ఈ మాటే అనాలి. జో శత్రువు ఇచ్చిన వజ్రాలలో కొంత ఖర్చు చేసి మళ్లీ అదే గదిలోకి తానే వెళ్లిపోతాడు, నిజం చెప్పకుండా కూతురికి ఉత్తరం వదులుతాడు. అది నైతికంగా శుభ్రమైన ముగింపు. నేరం, ఒప్పుకోలు, శిక్ష వరసగా వచ్చి చేరిపోతాయి. నా అభ్యంతరం ఆ శుభ్రత మీదనే. అటువంటిది జరిగిన మనిషికి అంత నిమ్మళం ఎలా వచ్చింది?

దేసూ ముగింపు శుభ్రమైనది కాదు. అతడు వూజిన్ బూట్లు నాకుతాడు, కుక్కలా మొరుగుతాడు, చివరకు కత్తెర తీసి తన నాలుకను తానే కోసుకుంటాడు. పుకారు పుట్టించిన అవయవాన్నే తీసి ఇచ్చేస్తున్నాడు. వెనకటి జవాబులో చెప్పిన చిన్న కారణం లేకపోతే ఈ చర్యకు అర్థమే ఉండదు. అందుకే కారణాన్ని మార్చిన హాలీవుడ్ చిత్రానికి దీన్ని కూడా వదులుకోక తప్పలేదు. వూజిన్ దేసూ కూతురికి నిజం తెలియనివ్వడు, కానీ పగ తీరాక అతనికి బతకడానికి ఏమీ మిగలదు. లిఫ్టులో అక్క చేయి జారిన క్షణాన్ని తలచుకుంటూ తనను తాను కాల్చుకుంటాడు. తరువాత మంచు కొండల మధ్య దేసూ హిప్నాటిస్టును పిలిపించి, రహస్యం తెలిసిన మనిషిని తనలోంచి తీసేయమంటాడు. అది తప్పించుకోవడమే, నేనూ ఒప్పుకుంటాను. అయితే దర్శకుడు అతణ్ణి తప్పించుకోనిచ్చాడా? చివరి ఫ్రేములో కూతురు కౌగిలించుకున్నప్పుడు అతని ముఖంలో నవ్వు మొదలై, ఏడుపులోకి వంకర పోతుంది. మరచిపోయాడో లేదో చెప్పకుండా చిత్రం ముగుస్తుంది. ఆ ముఖం మీద ఒక నిర్ణయానికి రాలేక నేను పలుమార్లు చూశాను. మరచిపోలేదనే నా అభిప్రాయం, మీరు వేరుగా అనుకుంటే ఆ ముఖంలో దానికీ ఆధారం దొరుకుతుంది.

ప్రశ్న: ఆ సినిమాలో హీరో బతికున్న ఆక్టోపస్‌ను నిజంగానే తిన్నాడా? మేం సముద్రం మీద బతికేవాళ్లం, మాకే ఒళ్లు జలదరించింది.
– పాఠకుడు, కళింగపట్నం

జవాబు: నిజంగానే తిన్నాడు. దృశ్యం సరిగ్గా రావడానికి నాలుగు ఆక్టోపస్‌లు పట్టాయి. చోయ్ మిన్-షిక్ బౌద్ధుడు కావడం వల్ల ప్రతిసారీ ఆ జీవికి క్షమాపణ చెప్పుకుని ప్రార్థించి తిన్నాడు. కొరియాలో కదులుతున్న ఆక్టోపస్‌ను తినడం ఉన్నదే గాని, సాధారణంగా ముక్కలు కోసి వడ్డిస్తారు. పదిహేనేళ్లు ఒకే తిండి తిన్న మనిషికి, ప్రాణమున్న దేన్నైనా పంటితో తాకాలన్న ఆకలి అది. రీమేక్‌లో జో తొట్టిలో ఉన్న ఆక్టోపస్‌ను కాసేపు చూసి ఊరుకుంటాడు. మూలం తెలిసినవారికి అదొక పలకరింపు, తెలియనివారికి దాని వల్ల ఏమీ అందదు.

ప్రశ్న: స్పైక్ లీ అంతటి దర్శకుడు తీసినా హాలీవుడ్ రీమేక్ ఎందుకు దెబ్బతిన్నది? దర్శకుడిదే తప్పంటారా?
– సినిమా అభిమాని, శ్రీకాకుళం

జవాబు: అతనొక్కడిదే అనలేము. హాలీవుడ్‌లో ఈ రీమేక్ ప్రయత్నం చాలా ఏళ్లు నలిగింది. ఒక దశలో స్టీవెన్ స్పీల్‌బర్గ్, విల్ స్మిత్‌ల పేర్లు కూడా వినిపించాయి. చివరకు స్పైక్ లీ చేతికి వచ్చింది. అతడు కూర్చిన చిత్రం నిడివి రెండు గంటలు దాటితే, నిర్మాతలు దాన్ని 104 నిమిషాలకు కుదించారు. అతడు తన చిత్రాలకు అలవాటుగా వేసుకునే ‘స్పైక్ లీ జాయింట్’ అన్న ముద్రను దీనికి వేయలేదు, ‘స్పైక్ లీ ఫిల్మ్’ అని మాత్రమే ఉంచాడు. దర్శకుడు తన అసంతృప్తిని అంతకంటే స్పష్టంగా చెప్పనక్కరలేదు. దర్శకుడి కూర్పే తనకు నచ్చిందని బ్రోలిన్ కూడా బయటకు చెప్పాడు. సుమారు మూడు కోట్ల డాలర్లతో తీసిన చిత్రం ప్రపంచవ్యాప్తంగా అరకోటి డాలర్ల దగ్గరే ఆగిపోయింది. మూలచిత్రం 2004లో కాన్ చిత్రోత్సవంలో, క్వెంటిన్ టారంటినో అధ్యక్షుడిగా ఉన్న జ్యూరీ చేతుల మీదుగా గ్రాండ్ ప్రి అందుకున్నది. ఆ పేరు రీమేక్‌కు బరువైంది కూడా.

అయినా కత్తెర వేటు వల్లే చెడిందని నేను అనుకోను. నిడివి పెంచినంత మాత్రాన ఏడ్రియన్ తండ్రి కథ మారదు. ఒకటి మాత్రం ఒప్పుకుంటాను: జోకూ, అతడు దగ్గరైన యువతి ‘మరీ’ (Marie)కీ మధ్య బంధం పెరగడానికి తగినంత సమయం తెర మీద లేదు. ఆ పాత్రలో ఎలిజబెత్ ఓల్సెన్ ఎంతో సున్నితంగా నటించింది, ఆమె దృశ్యాలు మిగతావాటికంటే ఎక్కువగా కోతకు గురైనట్టు తోస్తుంది.

ప్రశ్న: మేము చీపురుపల్లి కుర్రాళ్లం, లఘుచిత్రాలు తీస్తాం. ఈ కథను మన ఊళ్ల నేపథ్యంలో తీయాలని ఆశ. ఏం మార్చాలి, ఏం ఉంచాలి?
– ముగ్గురు మిత్రులు, చీపురుపల్లి

జవాబు: ముందుగా హక్కుల సంగతి. హక్కులు తీసుకోకుండా ఈ కథను తీయవద్దు. 2006లో సంజయ్ దత్, జాన్ అబ్రహంలతో వచ్చిన హిందీ చిత్రం ‘జిందా’ హక్కులు తీసుకోకుండానే ఈ చట్రాన్ని వాడుకుందన్న ఆరోపణను మోసింది. పైగా అది కథలోని ముఖ్యమైన రహస్యాన్ని తీసేసి తీసింది. సక్రమంగా హక్కులు తీసుకుని చేసిన పని ఎలా ఉంటుందో మన తెలుగులోనే చూడవచ్చు. 2019లో నందినీ రెడ్డి దర్శకత్వంలో సమంత నటించిన ‘ఓ బేబీ’, 2014 నాటి కొరియా చిత్రానికి తెలుగు రూపం. అందులో ముసలావిడ మాట తీరు, కొడుకుతో తగువులు, దేవుడితో చనువు పూర్తిగా మనవే అయిపోయాయి. హాంకాంగ్ చిత్రాన్ని బోస్టన్‌కు తరలించిన మార్టిన్ స్కోర్సెసీ ‘ది డిపార్టెడ్’కు 2006 సంవత్సరపు ఉత్తమ చిత్రంగా ఆస్కార్ దక్కింది కూడా. కనుక ఊరు మార్చడం తప్పు కాదు.

మీరు లఘుచిత్రం తీసేవాళ్లు కాబట్టి నా సలహా ఇది. కథనూ నిర్బంధాన్నీ పక్కన పెట్టి, ఆ చిత్రం నుంచి ఒక్క ప్రశ్న మాత్రం తీసుకోండి: మరచిపోయిన ఒక చిన్న మాట మరొకరి ఇంట్లో ఏం చేసింది? ఆ మాట మీ ఊళ్లో ఎక్కడ పుడుతుందో మీకు తెలుసు. రైల్వే స్టేషన్ బెంచీ మీదనా, టైలరు దుకాణంలోనా, కోచింగ్ సెంటర్ మెట్ల మీదనా అన్నది మీరు చూసి ఎంచుకోవాలి. మాట అన్నవాడు దుర్మార్గుడు కాకూడదు, మీ ముగ్గురిలో ఎవరైనా ఆ మాట అనగలిగి ఉండాలి. నష్టపోయినవాళ్లను చూపేటప్పుడు వాళ్ల తప్పులను వెతికి పెట్టి, మాట అన్నవాడి భారాన్ని తగ్గించవద్దు. ఫైటు గురించి ఇప్పుడు ఆలోచించనక్కరలేదు. మాట పుట్టిన దృశ్యాన్నీ, అది తిరిగి అతని చెవిన పడిన దృశ్యాన్నీ ముందు రాయండి. రాసినది పంపితే చదివి నా అభిప్రాయం తప్పకుండా చెబుతాను.